రుచి చూడని వంట

మా ఇంట్లో గిన్నెలోంచి చుక్క తీసి నాలుక మీద వేసుకోవడం అనేది లేదు. పెళ్లై పేటకి కాపురానికొచ్చిన కొత్తలో పప్పుచారులో గరిటె ముంచి, అరచేతిలో ఓ చుక్క వేసుకుని ఉప్పు చూడబోయా. మా అత్తయ్య గబుక్కున నా మణికట్టు పట్టుకున్నారు. స్వామికి పెట్టకుండానే ఎంగిలి చేస్తారా ఎవరైనా అన్నారు. అరవలేదు, కసరలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం నేను గరిటె కింద పెట్టేదాకా వదల్లేదు. నాకు వింతగా అనిపించింది. మా పుట్టింట్లో మా అమ్మకి సగం భోజనం రుచి చూడ్డంలోనే అయిపోయేది, పులుసు దించేసరికి ఆవిడకి ఆకలే ఉండేది కాదు. ఇక్కడ అలా కాదు. వండినవన్నీ తలా కాస్త వెండి గిన్నెలో పెట్టుకుని ముందు దేవుడి గదిలోకి వెళ్ళాలి. ఆ తరవాతే మన కంచాల్లోకి రావాలి.

మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందండీ అని అడిగా. వాసన చూస్తే తెలుస్తుందన్నారు. నేను నవ్వా, ఉప్పుకి వాసనేంటని. ఆవిడ పట్టించుకోలేదు. మూత తీసి, ఆవిరి మొహానికి తగిలేట్టు ఒక్క క్షణం వంగి, "ఇంకో అర చెంచా" అని తనలో తనే అనుకుని వేశారు. తిని చూస్తే సరిగ్గా ఉంది. సరే, ఏదో గుడ్డిగా కలిసొచ్చిందిలే అనుకున్నా. ఏళ్ల తరబడి రోజూ కలిసొస్తుందా ఏంటి. ఉలవచారు మరిగేటప్పుడైతే ఆవిడ వంటింట్లో ఉండక్కర్లేదు. వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే, ఇక దించెయ్ అమ్మాయ్, దగ్గరపడింది అని కేకేసేవారు. వెళ్లి చూస్తే నిజంగానే చిక్కబడి ఉండేది.

మాది ఉరుకుల పరుగుల ఇల్లు. మావారు సిమెంటు ఫ్యాక్టరీలో, షిఫ్టు మారినప్పుడల్లా ఆయన నిద్రా తిండీ మారతాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, తెల్లారకముందే కాలేజీ బస్సు వీధి చివరికొచ్చి హారన్ కొడుతుంది. నేను నందిగామలో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తా. పొద్దున్నే బస్టాండుకి పరిగెత్తి, చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక గానీ నేను గాజులు కూడా సర్దుకోను. ఇంత హడావుడిలో మేం ముగ్గురం మనుషుల్లా తిని బతికామంటే అది అత్తయ్య పుణ్యమే. అమ్మాయి సీసాలో రాగిజావ, అందులో కాస్త మజ్జిగ, ఉల్లిపాయ ముక్క. ఈయన ఫ్లాస్కులో అల్లం, కరివేపాకు నలిపి వేసిన పల్చటి మజ్జిగ, ఎండాకాలమైతే సబ్జా నీళ్లు కూడా. నా క్యారియర్లో కింద అన్నం, మధ్యలో పప్పు, పైన కూర. సాయంత్రం ఎవరు ఏ వేళకి ఇల్లు చేరినా డబ్బాలో సున్నుండలో, జంతికలో, ఏమీ లేకపోతే మరమరాల్లో ఇంత కారం, నూనె కలిపినవో ఉండేవి. నాకు వంట రాక కాదు, టైం లేక. ఆ మాట నేను చాలాసార్లు అన్నా గానీ మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

నాకు నోరెక్కువ. ఉన్నది ఉన్నట్టు మొహం మీదే అనేస్తా. పెళ్లికి ముందు మా నాన్న, పెళ్లయ్యాక ఈయన, ఇప్పుడు మా అమ్మాయి, ముగ్గురూ వరసగా ఇదే బుద్ధి చెప్పారు, కాస్త నెమ్మదిగా మాట్లాడమని. అత్తయ్య మాత్రం ఎప్పుడూ ఏమీ అనేవారు కాదు. నేనేదైనా కటువుగా అంటే "అవునా" అని, కొంగుతో చేతులు తుడుచుకుని, తన పని తాను చేసుకునేవారు. ఆ "అవునా"తో నాకు ఇంకా ఒళ్లు మండేది. పోట్లాడితే పోట్లాడొచ్చు, ఊరుకునే మనిషితో ఏం చేస్తాం.

పోయినేడు చలికాలంలో ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చాయి. అందరం ఒకరి తరవాత ఒకరం పడి లేచాం. అత్తయ్య అందరికంటే ఆఖరున పడి, అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించారు. ఆ తరవాతే వంటలో ఏదో తేడా రావడం మొదలైంది. ఒకరోజు దోసకాయ పప్పులో ఉప్పే లేదు. ఇంకోరోజు పులుసు నోట్లో పెట్టలేం, సముద్రపు నీళ్లే. పెద్దావిడ కదా, జ్వరంపడి లేచింది కదా అని ఈయన కంచంలో నీళ్లు కలుపుకుని తినేసేవారు. అమ్మాయి నానమ్మని చూసి నవ్వి, నాకు కన్నుకొట్టి, పైన పెరుగు పోసుకునేది. నేను మాత్రం కాలేజీ స్టాఫ్ రూములో క్యారియర్ విప్పి, అందరి ముందూ ఉప్పు అడుక్కోవాల్సి వచ్చిందని ఇంటికొచ్చి గట్టిగానే చెప్పా. అవునా అన్నారు.

తరవాత సున్నుండల గొడవ. ఫ్యాక్టరీలో ఎవరికో కొడుకు పుట్టాడని, ఈయన సెక్షన్లో అందరికీ పంచడానికి అత్తయ్య డబ్బా నిండా చేసిచ్చారు. సాయంత్రం డబ్బా తిరిగొచ్చింది. కొన్ని ఉండలు కొరికి, మళ్లీ అందులోనే పెట్టేసినట్టున్నాయి. ఈయన డబ్బా బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లిపోయారు. నేను మూత తీశానో లేదో గుప్పున కొట్టింది. నెయ్యి పాతబడి పాడైంది. అంత వాసనొస్తున్న నెయ్యి చూసుకోకుండా ఎలా పోశారండీ, ఊరందరి ముందూ ఈయన పరువు పోయింది అన్నా. ఈసారి ఆవిడ అవునా అనలేదు. ఒక ఉండ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పట్టుకున్నారు. మళ్లీ డబ్బాలో పెట్టేశారు. నాకప్పటికీ బల్బు వెలగలేదు. పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, కళ్లముందు జరిగేది కనపడలేదు.

కనపడిన రోజు చెప్తా. నేను స్నానం చేసి తల తుడుచుకుంటూ హాల్లోకొచ్చేసరికి ఇంటినిండా గ్యాస్ వాసన. గొంతులో పట్టేసింది. వంటింట్లోకి పరిగెత్తా. కిటికీ గాలికి పొయ్యి మంట ఆరిపోయి ఉంది, నాబ్ తిప్పే ఉంది, పైన కందిపప్పు గిన్నె. పొయ్యి పక్కనే పీట వేసుకుని అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. అంత దగ్గర్లో. నన్ను చూసి, ఏంటమ్మా అలా వచ్చావు, బస్సుకి టైం అయిందా అన్నారు. నేను నాబ్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చా. వాసన రాలేదా అత్తయ్యా అని అడిగా. అడిగాక ఆవిడ మొహం చూస్తే ఇక జవాబు అక్కర్లేకపోయింది.

జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ లేదట. ఒక్క వాసనా లేదు. అగరుబత్తి లేదు, మల్లెపూలు లేవు, ఇంగువ లేదు. నెలలకి నెలలు ఆ మాట కడుపులో దాచుకుని, అలవాటు చొప్పున చేతి లెక్కతో వండుతూ వచ్చారు. ఆ లెక్క ఒక్కోరోజు తప్పేది. ఎందుకు చెప్పలేదండీ అంటే, చెప్తే పొయ్యి దగ్గరికి రానివ్వరని భయమేసింది అన్నారు.

ఆ భయం నిజమే అయింది. ఈయనకి చెప్పక తప్పలేదు, చెప్పా. ఆయన విజయవాడ తీసుకెళ్లి ముక్కు డాక్టరుకి చూపించారు. ఒక్కోసారి తిరిగి రావచ్చు, ఒక్కోసారి రాకపోవచ్చు, చూద్దాం అన్నాడట ఆ డాక్టరు. తిరిగొచ్చాక ఈయన మెల్లగా, చాలా మర్యాదగా, అమ్మా ఇక నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు, చాలా ఏళ్లు చేశావు, విశ్రాంతి తీసుకో అన్నారు. వెనక వీధిలో ఇళ్లలో వంట చేసే ఒకావిడతో మాట్లాడేశారు, సోమవారం నుంచి వస్తానంది. అప్పటిదాకా కర్రీ పాయింటు కూరలు. కవర్లలో ముడేసిచ్చిన సాంబారూ, పైన నూనె తేలే బెండకాయ వేపుడూ. ఈయన్ని తప్పు పట్టలేను. ఆ రోజు నేను ఇంకాస్త ఆలస్యంగా బయటికొచ్చి, ఎవరైనా లైటర్ నొక్కి ఉంటే అన్న ఆలోచన నాకూ ఇప్పటికీ వస్తుంది.

కానీ ఆ వారం అత్తయ్యని చూడాల్సింది. హాల్లో కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. టీవీ పెడితే చూసేవారు, కట్టేస్తే ఎందుకు కట్టేశారని అడిగేవారు కాదు. నేను కవరు విప్పి గిన్నెలో పోస్తుంటే వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా నిలబడ్డారు, వేరే వాళ్లింటికి వచ్చినట్టు. రండి అత్తయ్యా అన్నా. రాలేదు.

"పొయ్యి తీసేసుకుంటే నేనీ ఇంట్లో చుట్టాన్నే కదమ్మా," అన్నారు.

మావయ్యగారు పోయాక ఆవిడకి ఈ ఇంట్లో తనది అనుకోవడానికి మిగిలింది ఆ గట్టు, ఆ పొయ్యే. కొడుకు ఫ్యాక్టరీకి పోతాడు, మనవరాలు కాలేజీకి పోతుంది, కోడలు నందిగామ పోతుంది. మేమంతా తలో దిక్కూ పోతున్నామంటే పొద్దున ఆవిడ చేతిది తినిపోతున్నాం, సాయంత్రం ఆవిడ చేసింది తినడానికి తిరిగొస్తున్నాం. అది మా నుంచి తీసేస్తే మాకు రుచి పోతుంది. ఆవిడ నుంచి తీసేస్తే ఏం పోతుందో ఆవిడే చెప్పారు.

ఆదివారం పొద్దున, ఈయన మొదటి షిఫ్టుకి వెళ్లిపోయాక, అత్తయ్య నన్ను లేపారు. స్నానం అయిపోయింది, బొట్టు పెట్టుకుని ఉన్నారు. ఒకసారి వంటింట్లోకి రా, పక్కన నుంచో చాలు, పొయ్యి నువ్వే వెలిగించు అన్నారు. నిద్రమొహంతోనే వెళ్లా. దేవుడి గదిలో దీపం వెలుగుతోంది, స్వామి ముందు బెల్లం ముక్క, ఓ అరటిపండు. అప్పటికే హారతిచ్చేసి ఉన్నారు. వంట కాకముందే నైవేద్యం అయిపోవడం ఆ ఇంట్లో నేను ఎన్నడూ ఎరగను.

"స్వామి భోజనం అయిపోయింది. ఇక గిన్నెలో వండేది మనది," అన్నారు.

ఫర్వాలేదా అత్తయ్యా అని అడిగా. నాకు దేవుడి సంగతి కాదు, ఆవిడ సంగతే బెంగ. వారం రోజులు కుర్చీలో కూర్చుని ఇదే ఆలోచించారట. బెల్లమూ పండూ పెట్టినా ఆయన తింటాడు, ఆయన పేరు చెప్పి మీకు ఉప్పులేని కూడు పెట్టమని ఆయన నాకు చెప్పలేదు కదా అన్నారు. చెప్పడమైతే చెప్పారు గానీ, చారు మరిగాక గరిటెలో చుక్క తీసి అరచేతిలో వేసుకునేటప్పుడు దేవుడి గది వైపు వీపు పెట్టి నిలబడ్డారు. కళ్లు మూసుకుని నాలుకకి తగిలించారు. డెబ్భై దాటిన మనిషి, పొయ్యి మీద ఉన్నదాన్ని రుచి చూడ్డం అదే మొదలు.

ఉప్పు తెలిసింది. పులుపు తెలిసింది. కారం కాస్త ఎక్కువైందన్నారు, నిజంగానే ఎక్కువైంది. ముక్కు పోతేనేం, నాలుక ఉందమ్మాయ్ అని చిన్నపిల్లలా రెండోసారి కూడా వేసుకుని చూశారు. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. అన్నం తింటుంటే ఎలా ఉంటుందత్తయ్యా అని అప్పుడు అడగ్గలిగా. మట్టి నమిలినట్టే ఉంటుందట, ఉప్పూ కారం వేసిన మట్టి. అన్ని నెలలూ తను తిన్నది అదీ. నేను క్యారియర్లో పట్టుకెళ్లి వంకలు పెట్టింది, తనకి మట్టిలాంటి తిండిని మా కోసం రోజూ చీకటితో లేచి వండిపెడితే.

తరవాత పోపు వేశారు. గిన్నె మీద మూత పెట్టి, నా వైపు తిరిగి, వాసనెలా ఉందో చెప్పు అన్నారు. బాగుందత్తయ్యా అన్నా. బాగుందంటే నాకేం తెలుస్తుంది, సరిగ్గా చెప్పు అన్నారు. గంటసేపు గుక్క తిప్పుకోకుండా రాజ్యాంగం చెప్పేదాన్ని, చారు పోపు వాసన చెప్పమంటే తడుముకున్నా. ముందు జీలకర్ర తెలుస్తోంది అన్నా. ఆ తరవాత కరివేపాకు. ఎండుమిర్చి కొద్దిగా ఘాటుగా, తుమ్మొచ్చేంత కాదు. ఆవిడ కళ్లు మూసుకుని వింటున్నారు. ఇంగువో అన్నారు. మళ్లీ వంగి పీల్చి చూశా. ఇంగువ తెలీడంలేదత్తయ్యా అన్నా. ఇంగువ డబ్బా తీసి చూసుకుంటే దాని మూత కూడా తీయలేదు. వేడి నూనెలో చిటికెడు వేసి కలిపారు. ఇప్పుడో అన్నారు. ఇప్పుడొచ్చింది అన్నా.

ఆ రోజు మధ్యాహ్నం ఈయన వచ్చి తిన్నారు. రెండోసారి చారు పోయించుకున్నారు. కర్రీ పాయింటుది కాదని మొదటి ముద్దకే తెలిసిపోయి ఉంటుంది. నేను జరిగిందంతా చెప్పా. ఆయన గ్యాస్ మాత్రం వద్దు అన్నారు. సాయంత్రం వెళ్లి ఇండక్షన్ స్టవ్ తెచ్చారు. సోమవారం రావాల్సిన ఆవిడకి తనే ఫోన్ చేసి రావద్దని చెప్పారు.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. వాసన చెప్పడానికి కొడుకున్నాడు, ముద్దుల మనవరాలు ఉంది. నిన్నటిదాకా ఉప్పు తక్కువైందని దెప్పిన కోడల్నే ఎందుకు నిద్ర లేపినట్టు. ఒకరోజు అడిగేశా, నాకు కడుపులో ఆగదు కదా. ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, తాపీగా చెప్పారు.

"వాడికి మొహమాటం. పిల్ల నవ్వి ఊరుకుంటుంది. వాళ్లు బాగుందంటే అది నిజమో కాదో తేల్చుకోవడానికి నాకిక ముక్కు లేదు. నువ్వొక్కదానివే ఇన్నాళ్లూ నాకు నిజం చెప్పింది."

ఇన్నేళ్లుగా నా నోటి గురించి ఇంటా బయటా అందరూ చెప్పిందొకటి, ఆవిడ చెప్పిందొకటి. అవునా అని మాత్రం అన్నా.

అప్పట్నుంచీ పొద్దున్నే నాకదో డ్యూటీ. బస్సుకి పరిగెత్తే ముందు వంటింట్లో నిలబడి గిన్నె గిన్నెకీ వాసన చెప్పాలి. ఇదేదో తీపిగా సాగిపోయింది అనుకోకండి. పోయిన నెల మా అమ్మాయి పుట్టినరోజు. అమ్మాయి ఫ్రెండ్సు వస్తున్నారని అత్తయ్య ముందురోజు నుంచీ సంబరపడుతూ, పొద్దున్నే పెద్ద గిన్నెలో పరమాన్నం పెట్టారు. కొత్త స్టవ్, దాని వేడి ఆవిడ చేతికి ఇంకా అలవాటు కాలేదు. జీడిపప్పు వేయించి పైన వేసి, యాలకుల పొడి చల్లి నన్ను పిలిచారు. మూత తీయకముందే నాకు తెలిసిపోయింది. పాలు అడుగంటాయి. యాలకుల కింద నుంచి మాడు వాసన వస్తోంది. ఆవిడ గరిటె పట్టుకుని, మొహం వెలిగిపోతూ, ఎలా ఉంది అన్నారు.

ఆ ఒక్క క్షణం ఎంత కష్టమో నాకే తెలుసు. బాగుంది అంటే అయిపోతుంది. పిల్లలు మర్యాదకి తింటారు, ఈయన ఎటూ ఏమీ అనరు, ఆవిడ పండగలా వడ్డిస్తారు. ఒక్క అబద్ధం, అదీ పుట్టినరోజునాడు. మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ అది గనక అంటే, రేపు నేను నిజంగా బాగుందన్నా ఆ మాటకి విలువ లేదు. ఆవిడకి ఈ పొయ్యి దగ్గర నా మాట తప్ప వేరే ఆధారం లేదు.

అడుగంటిందత్తయ్యా అన్నా. ఎక్కువా అన్నారు. ఎక్కువే అన్నా.

ఆవిడ మొహం వాడిపోయింది, నేను చూస్తుండగానే. జీడిపప్పు వంక చూశారు, గడియారం వంక చూశారు. తరవాత స్టవ్ కట్టేసి, గుడ్డతో గిన్నె పట్టుకుని సింకు పక్కన పెట్టారు. వెళ్లి రెండు పాల ప్యాకెట్లు పట్రామ్మా, ఇంకా టైం ఉంది అన్నారు. నేను చెప్పులేసుకుని వీధి చివరి కొట్టుకి వెళ్లా, దారి పొడుగునా ఏడుస్తూనే వెళ్లా. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇంకో గిన్నె కడిగి తుడిచి, స్టవ్ మీద పెట్టి, నా కోసం చూస్తున్నారు.